సెయింట్ లూయిస్ పాత ఇళ్లు, ఖాళీ అయిన పేటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిస్సోరీలోని సెయింట్ లూయిస్ అనగానే మన తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్ వైపు కాలనీలు, వీడ్‌మన్ రోడ్డులోని హిందూ దేవాలయం, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న గేట్‌వే ఆర్చ్. అసలు ఊరు ఆ శివార్లకూ ఆర్చ్‌కీ మధ్యలో ఉంది. అక్కడి ఇటుక ఇళ్ల ఫొటోలు తీసి, వాటి కాగితాలు వెతికి, వివరాలు రాసి పెడుతుంటానని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఈ పని మొదలుపెట్టాలనుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను.

పాడుబడ్డ ఇళ్లంటే డెట్రాయిట్ కదా, సెయింట్ లూయిస్ ఎందుకు?

డెట్రాయిట్‌కి పేరు ఎక్కువ వచ్చింది, అంతే. 1950 జనాభా లెక్కల్లో సెయింట్ లూయిస్ సిటీలో 8,56,796 మంది ఉన్నారు. 2020కి 3,01,578 మంది మిగిలారు. అదే కాలంలో డెట్రాయిట్ 18,49,568 నుంచి 6,39,111కి పడింది. శాతాల్లో చూస్తే రెండు ఊళ్లకూ దాదాపు ఒకే దెబ్బ. ఎనిమిదిన్నర లక్షల మంది కోసం కట్టిన ఇళ్లు, బడులు, చర్చిలు, కొట్లు ఉన్న ఊళ్లో మూడు లక్షల మంది ఉంటే మిగతా కట్టడాలన్నీ ఏమవుతాయో ఊహించుకోండి.

నా వరకు ఇంకో కారణం కూడా ఉంది. డెట్రాయిట్ మామూలు ఇళ్లలో చెక్కవి ఎక్కువ. సెయింట్ లూయిస్‌లో కూలివాడి ఇల్లు కూడా ఇటుకే. ఇటుక నెమ్మదిగా పాడవుతుంది కాబట్టి చూసి, రాసుకోవడానికి కొంచెం టైమ్ దొరుకుతుంది.

ఊరంతా ఇటుకతోనే ఎందుకు కట్టారు?

1849 మే 17న నదిలో లంగరేసి ఉన్న వైట్ క్లౌడ్ అనే ఆవిరి పడవకు నిప్పంటుకుంది. మంటలు పక్క పడవలకు, ఒడ్డుకు పాకి నాలుగు వందలకు పైగా కట్టడాలను బూడిద చేశాయి. ఆ తర్వాత చెక్క కట్టడాలను కట్టడి చేస్తూ, రాయి లేదా ఇటుక వాడాలని సిటీ చట్టం చేసింది. అదృష్టం కొద్దీ ఊరి కిందే మంచి బంకమట్టి ఉంది. చెల్టెన్‌హామ్ వైపు, ఇప్పుడు ది హిల్, డాగ్‌టౌన్ అంటున్న చోట్ల గనులు తవ్వారు. 1868లో ఇక్కడ మొదలైన హైడ్రాలిక్ ప్రెస్ బ్రిక్ కంపెనీ ఆ శతాబ్దం చివరికల్లా ప్రపంచంలోని అతి పెద్ద ఇటుక కంపెనీల్లో ఒకటైంది. మరతో నొక్కి చేసిన ఆ ఇటుకలు అంచులు పదునుగా, నున్నగా ఉంటాయి. రెండిటి మధ్య సున్నం గీత గీసినంత సన్నగా ఉంటుంది.

ఒక ఇంటిని చూడగానే అది ఈ ఊరి ఇల్లని ఎలా గుర్తుపట్టాలి?

ముందు తలుపులు లెక్కపెట్టండి. రెండు తలుపులు పక్కపక్కనే ఉంటే టూ ఫ్యామిలీ ఫ్లాట్. ఒకటి కింది వాటాకి, రెండోది నేరుగా మెట్లెక్కి పై వాటాకి. నాలుగు తలుపులుంటే ఫోర్ ఫ్యామిలీ. ఎవరి గుమ్మం వాళ్లకు వీధిలోకే ఉండటం ఇక్కడి పద్ధతి.

ఒకవైపుకే వాలిన పైకప్పుతో, ఇంటిని నిలువునా సగానికి కోసి ఒక ముక్క ఉంచినట్టు కనపడేది ఫ్లౌండర్ ఇల్లు. ఇవి పాతవి, తక్కువే మిగిలాయి, అందుకే కనపడితే వదలకండి. రెండు ఇళ్ల మధ్య ఒక మనిషి పట్టే సందును ఇక్కడ గ్యాంగ్‌వే అంటారు. కొన్ని ఇళ్లలో ఆ సందు మీద కూడా పై అంతస్తు కట్టేసి, వీధి వైపు సొరంగం లాంటి ద్వారం వదిలారు. వెనక ఆలీలోకి, అంటే ఇళ్ల వెనక సందులోకి, వెళ్తే కొన్నిటి పెరట్లో ఇంకో చిన్న ఇల్లు ఉంటుంది. వీధి లోంచి చూసి వెళ్లిపోయేవాళ్లకు దాని సంగతి తెలియదు.

ఇంత గట్టి ఇళ్లను వదిలేసి జనం ఎందుకు వెళ్లిపోయారు?

అందరూ అడిగేది ఇదే. "ఫ్యాక్టరీలు పోయాయి, క్రైమ్ పెరిగింది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఫ్యాక్టరీలు పోయిన మాట నిజం. ఉత్తర భాగంలో నేచురల్ బ్రిడ్జ్ రోడ్డు మీద జనరల్ మోటార్స్ ప్లాంట్ ఉండేది, ఒకప్పుడు కొర్వెట్ కార్లు అక్కడే తయారయ్యేవి. 1981లో కొర్వెట్ కెంటకీకి పోయింది, 1987లో ప్లాంటే మూతపడింది. కంపెనీ కొత్త ప్లాంటు ఊరి బయట వెంట్స్‌విల్‌లో పెట్టింది.

కానీ జనం పలచబడటం అంతకు ముప్పై ఏళ్ల ముందే మొదలైంది. దానికి పునాది 1876లో పడింది. పల్లె రోడ్ల ఖర్చు మనమెందుకు భరించాలని సిటీ ఓటేసి కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడిపోయింది, హద్దు గీసేసుకుంది. ఆ హద్దు ఇప్పటికీ కదల్లేదు. సిటీ వైశాల్యం దాదాపు 62 చదరపు మైళ్లు, అంతే. మిగతా అమెరికన్ ఊళ్లు పెరిగేకొద్దీ చుట్టుపక్కల శివార్లను కలుపుకున్నాయి. సెయింట్ లూయిస్‌కి ఆ దారి మూసుకుపోయింది. హద్దు దాటి ఇల్లు కొన్నవాడి పన్ను, వాడి పిల్లల బడి, వాడి ఓటు అన్నీ అవతలికే. కౌంటీలో ఇప్పుడు చిన్నా పెద్దా కలిపి 90 దాకా మునిసిపాలిటీలు ఉన్నాయి.

1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ వచ్చాక, ప్రభుత్వ హామీతో తక్కువ వడ్డీ లోన్లు శివార్లలో కొత్త ఇళ్లకు ధారాళంగా దొరికాయి, పాత పేటలకు దొరకలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి తెల్ల కుటుంబానికి కొత్త ఇల్లు కొనడం తేలిక, పాత ఇంటి పైకప్పు బాగుచేయించుకోవడానికి అప్పు పుట్టడం కష్టం. తర్వాత వచ్చిన హైవేలు పేటలను చీల్చుకుంటూ పోయాయి. ఇళ్లను జనం చూసుకోలేదనే మాటతో నేను ఒప్పుకోను. బాగుచేసుకోవడానికి డబ్బు అందకుండా చేసిన నిర్ణయాలు కాగితం మీద ఉన్నాయి, సంతకాలతో సహా.

రెడ్‌లైనింగ్ అంటే అదేనా?

అందులో ఒక భాగం. 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ఫెడరల్ సంస్థ అమెరికా నగరాల పేటలకు ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్లు ఇచ్చి మ్యాపుల మీద రంగులు వేసింది. డీకి ఎరుపు. నల్లజాతివాళ్లు ఉంటే చాలు, ఇల్లు ఎంత బాగున్నా దాదాపు ఎరుపే. సెయింట్ లూయిస్ మ్యాపు ఆన్‌లైన్‌లో ఉంది, మీరు చూస్తున్న వీధి ఏ రంగులో ఉందో ముందే చూసి వెళ్లండి.

ఒక్క జాగ్రత్త: అన్నిటికీ ఆ మ్యాపునే కారణంగా చూపించకండి. అంతకు ముందే 1916 ఫిబ్రవరి 29న సెయింట్ లూయిస్ ఓటర్లు, నల్లవాళ్లు తెల్లవాళ్లు ఎక్కడెక్కడ ఉండాలో విడగొట్టే ఆర్డినెన్సును భారీ మెజారిటీతో గెలిపించారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు కెంటకీ కేసులో అలాంటివి చెల్లవని చెప్పడంతో అది ఆగింది. అప్పటినుంచి ఆ పని దస్తావేజుల్లోకి దూరింది.

దస్తావేజుల్లోకి అంటే?

ఫలానా జాతివాళ్లకు ఈ ఇల్లు అమ్మం, అద్దెకివ్వం అని వీధిలోని ఓనర్లు కలిసి రాసుకుని రిజిస్టర్ చేయించుకున్న ఒప్పందాలు. వీటిని రిస్ట్రిక్టివ్ కవనెంట్లు అంటారు. వీటి మీద అమెరికా మొత్తానికి వర్తించే తీర్పు వచ్చింది ఈ ఊరి ఇంటి వల్లే. లాబడీ అవెన్యూలో 4600 నంబరు, రెండంతస్తుల ఇటుక ఇల్లు. 1945లో జె.డి. షెల్లీ, ఎథెల్ షెల్లీ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో ఉండటానికి దాన్ని కొన్నారు. ఆ వీధిలో 1911 నాటి కవనెంట్ ఉంది, గడువు యాభై ఏళ్లు. అందులో నిషేధించిన జాతులు రెండు: నీగ్రో, మంగోలియన్. ఆ రెండో మాట ఆసియా వాళ్లను దూరం పెట్టడానికి రాసుకున్నది.

అదే కవనెంట్ పరిధిలో ఇల్లున్న క్రేమర్ కుటుంబం కేసు వేసింది. 1948 మే 3న సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీల ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది, మిగతా ముగ్గురు విచారణ నుంచి తప్పుకున్నారు. ఒప్పందం రాసుకోవడం మీ ఇష్టం, దాన్ని అమలు చేయమని కోర్టును అడగడం మాత్రం కుదరదన్నది తీర్పు సారాంశం. అంటే కవనెంట్లు అప్పటికప్పుడు చట్టవిరుద్ధం కాలేదు, అది 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం దాకా ఆగింది. షెల్లీ ఇల్లు ఇప్పుడు నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్. వీధిలో నిలబడి చూస్తే మాత్రం పక్కింటికీ దానికీ తేడా తెలియదు. అందుకే ఇళ్లకు ఫొటోతో పాటు కాగితం కావాలంటాను.

సెయింట్ లూయిస్ యూనివర్సిటీ దగ్గర అంత ఖాళీ ఎందుకుంది? అక్కడ పాత ఇళ్లే లేవేంటి?

మన పిల్లలు చాలామంది అక్కడ చదువుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. క్యాంపస్ తూర్పు భాగం, దాని అవతల హైవే, ఇంకా ముందుకెళ్తే సాకర్ స్టేడియం, ఇవన్నీ మిల్ క్రీక్ వ్యాలీ అనే పేట ఉన్న నేల. 454 ఎకరాలు, దాదాపు 20 వేల మంది, అత్యధికులు నల్లవాళ్లు, 40కి పైగా చర్చిలు. గాయని, నర్తకి జోసెఫిన్ బేకర్ చిన్నతనం గడిచింది ఆ వైపే. చాలా ఇళ్లకు లోపల బాత్రూములు లేవు, నిజమే. ఆ వంకతో బాగున్నవీ బాగోలేనివీ కలిపి మురికివాడ అని ముద్రేశారు. 1955లో జనం బాండ్లకు ఓటేశారు, 1959 ఫిబ్రవరిలో కూల్చివేత మొదలైంది. కూల్చాక ఏళ్ల తరబడి ఏమీ కట్టకపోవడంతో జనం ఆ మైదానానికి "హిరోషిమా ఫ్లాట్స్" అని పేరు పెట్టారు.

అక్కడ ఫొటో తీయడానికి ఇళ్లు లేవు. మరి ఏం చేయాలి? పాత మ్యాపు మీద ఒక బ్లాకు ఎంచుకుని, ఇంటి నంబర్ల వారీగా ఎవరుండేవాళ్లో డైరెక్టరీల్లోంచి రాసి పెట్టొచ్చు. సాకర్ స్టేడియం దగ్గర 2023లో డేమన్ డేవిస్ అనే కళాకారుడు చేసిన "పిల్లర్స్ ఆఫ్ ద వ్యాలీ" స్మారకం ఉంది. నా అభిప్రాయంలో అలాంటి స్మారకం వెనక ఇంటింటి జాబితా కూడా ఉంటేనే దానికి బరువు.

ప్రూయిట్-ఐగో?

దాని గురించి కావలసినదానికంటే ఎక్కువే రాశారు. పేదల కోసం ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్ల సముదాయం, ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి డిజైన్, 33 భవనాలు, ఒక్కోటి 11 అంతస్తులు, 1954లో జనం రావడం మొదలు, 1972లో కూల్చివేతల మొదలు, 1976కి ఖాళీ నేల. ఆ పేలుడు ఫొటోలు అందరికీ తెలుసు. ఆ భవనాల కోసం అంతకు ముందే కూల్చేసిన డిసోటో-కార్ పేట ఇళ్ల ఫొటోలు ఎంతమంది చూశారు?

ఖాళీగా ఉన్నంత మాత్రాన ఇటుక ఇల్లు కూలిపోతుందా?

కూలుతుంది, అదీ దాదాపు ఒకే వరసలో. ముందు రాగి గట్టర్లు (పైకప్పు అంచున వాననీళ్లు పట్టే తొట్టెలు), పైపులు ఎవరో పీక్కుపోతారు. గట్టర్ లేని చోట వాననీళ్లు గోడ మీద కారతాయి. ఈ ఇళ్లను కట్టింది సిమెంటుతో కాదు, సున్నంతో. మన పాత మండువా ఇళ్ల డంగు సున్నం లాగే ఇదీ మెత్తగా ఉండి గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, కానీ ఏళ్ల తరబడి నీళ్లు పడితే కరిగి జారిపోతుంది. ముందు గోడకు వాడిన నొక్కుడు ఇటుక గట్టిది. పక్క, వెనక గోడలకు వాడింది చవక రకం, మెత్తనిది. అందుకే వెనక గోడ ముందు పడుతుంది. వీధిలోంచి నిండుగా కనపడే ఇల్లు ఆలీలోంచి చూస్తే గదులన్నీ బయటపడి ఉండొచ్చు. అలాంటివాటిని ఇక్కడివాళ్లు డాల్‌హౌస్ అంటారు.

బాగుచేయాలనే మంచి ఉద్దేశంతో చేసే అపకారం ఇంకోటి. సున్నం రాలిన చోట పోర్ట్‌లాండ్ సిమెంట్ కూరితే అది ఇటుక కంటే గట్టిగా ఉండి, చలికాలంలో తేమ ఇటుకలోనే గడ్డకట్టి పెచ్చులు ఊడతాయి. ఫొటోల్లో ఇది గమనించి రాసుకోండి, ఎప్పుడు మరమ్మతు జరిగిందో ఊహించడానికి పనికొస్తుంది.

ఇటుక దొంగలు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. పాత సెయింట్ లూయిస్ ఇటుకకు దక్షిణాది రాష్ట్రాల్లో గిరాకీ, హ్యూస్టన్, న్యూ ఆర్లీన్స్ వైపు కొత్త ఇళ్లకు పాత కళ తెప్పించడానికి కొంటారు. దొంగతనంలో దారుణమైన పద్ధతి ఒకటుంది: ఖాళీ ఇంటికి నిప్పు పెడతారు. మంటకు కలప కాలిపోతుంది, ఫైరింజన్ వచ్చి ధారగా నీళ్లు కొడితే సున్నం వదులై, ఇటుకలు శుభ్రంగా విడిపోతాయి. మర్నాడు ఏరుకోవడమే. 2010 ప్రాంతంలో ఇది జాతీయ పత్రికల దాకా వెళ్లింది.

ఇంటిని నమోదు చేయడం అంటే ఫొటో తీయడమేనా? ఎలా మొదలుపెట్టాలి?

ఫొటోతో మొదలవుతుంది. ఈ పనికి అమెరికాలో గట్టి సంప్రదాయం ఉంది. 1933లో, ఆర్థిక మాంద్యంలో పనిలేక కూర్చున్న ఆర్కిటెక్టులకు పాత కట్టడాల కొలతలు తీసే పని ఇవ్వాలని నేషనల్ పార్క్ సర్వీస్ ఉద్యోగి చార్లెస్ పీటర్సన్ ప్రతిపాదించాడు. అదే హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే, పొట్టిగా హ్యాబ్స్. తర్వాత ఆయన్ను ఈ ఊరికే పంపారు, ఇప్పుడు ఆర్చ్ ఉన్న చోట నది ఒడ్డున 40 బ్లాకుల పాత వ్యాపార భవనాలను ప్రభుత్వం కూల్చబోతుంటే. కొన్నిటి వివరాలు దక్కాయి, చాలావరకు భవనాలు దక్కలేదు. ఆ ఫొటోలు, డ్రాయింగులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఉచితంగా చూడొచ్చు. మొదటి పాఠం కోసం అవే చూడమంటాను.

మన స్థాయిలో: ఎదురుగా నిలబడి ముందు గోడ మొత్తం ఒకటి, రెండు మూలల నుంచి ఏటవాలుగా రెండు, ఆలీలోంచి వెనక భాగం, తర్వాత కార్నిస్ (గోడ పై అంచున ఉండే అలంకార పట్టీ), కిటికీ పై కమాను, మెట్లు, పునాది రాయి. ఆ తర్వాత ఎవరూ తీయనిది ఒకటి, రెండు పక్కల ఇళ్లు లేదా ఖాళీ స్థలాలు కూడా పడేలా వీధి మొత్తం. ఇరవై ఏళ్ల తర్వాత అందరికీ పనికొచ్చేది ఆఖరిదే. చెట్లు ఆకు రాల్చిన డిసెంబరు, మార్చి మధ్య మబ్బు రోజు చూసుకోండి. ఎండలో ఎర్ర ఇటుక మీద నీడలు గడబిడ చేస్తాయి. ఫోన్ కెమెరా చాలు, నిలువు గీతలు వంగకుండా పట్టుకుంటే.

జనం ఉన్న ఇళ్లను కూడా తీయండి, అడిగి తీయండి. కూలినవే తీస్తే పేట అంతా శవాల గదిలా అనిపిస్తుంది, అది అబద్ధం.

కట్టిన సంవత్సరం సిటీ వెబ్‌సైట్‌లో ఉంది కదా?

ఉంది, నమ్మకండి. అసెస్సర్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే అధికారి) రికార్డులో ఉండే సంవత్సరం చాలాసార్లు అంచనా. బిల్డింగ్ పర్మిట్ దొరికితే అదే గట్టి ఆధారం. ఇంకా పాత ఇల్లైతే నీటి కనెక్షన్ ఎప్పుడు తీసుకున్నారన్న రికార్డు సాయపడుతుంది.

1875లో ఊరంతా పైనుంచి చూసినట్టు కామిల్ డ్రై గీసిన, రిచర్డ్ కాంప్టన్ ప్రచురించిన 110 పలకల బొమ్మ ఉంది. ఇంటి కిటికీల దాకా గీశాడు. మీ ఇల్లు అందులో ఉంటే అంతకంటే పాతదన్నమాట. ఆ తర్వాతి కాలానికి సాన్‌బోర్న్ మ్యాపులు, అగ్నిప్రమాద ఇన్సూరెన్స్ కంపెనీల కోసం చేసినవి. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి. డీ అంటే నివాసం, ఎఫ్ ఫ్లాటు, ఎస్ కొట్టు. అంతస్తుల సంఖ్య మూలలో ఉంటుంది. రెండు వేర్వేరు ఏళ్ల పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూడటం మొదలుపెడితే రాత్రి రెండు దాటినా లేవబుద్ధి కాదు, ముందే చెప్తున్నాను.

వీధి పేర్లతో జాగ్రత్త. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేర్లు తీసేశారు, బెర్లిన్ అవెన్యూ పెర్షింగ్ అయింది. ఈస్టన్ అవెన్యూ 1972లో మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్ అయింది. పాత పేరు తెలియకపోతే సగం రికార్డులు దొరకవు.

ఆ ఇంట్లో ఎవరుండేవాళ్లో ఎలా తెలుస్తుంది?

మనవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది, పొలం కొనేటప్పుడు ఈసీ తీయించి లింక్ డాక్యుమెంట్లు చూసుకున్న అనుభవం ఉంటుంది కదా. సిటీ హాల్‌లోని రికార్డర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసు అలాంటిదే. ఇప్పటి ఓనర్ నుంచి ఒక్కొక్క అమ్మకం వెనక్కి వెళ్తే మొదటివాడి దగ్గర తేలుతారు. దారిలో కవనెంట్లు, మార్ట్‌గేజీలు కూడా కనపడతాయి.

ఓనర్లే ఇంట్లో ఉన్నారని లేదు. ఉన్నవాళ్ల కోసం గూల్డ్స్ సిటీ డైరెక్టరీలు, జనాభా లెక్కల పేజీలు చూడాలి. సెన్సస్ వివరాలు 72 ఏళ్లకు బయటపెడతారు, కాబట్టి 1950 వరకు దొరుకుతాయి. 1890వి మంటల్లో పోయాయి, వెతక్కండి. స్కింకర్ బులవార్డ్ మీద పాత యూదు ప్రార్థనాలయంలో మిస్సోరీ హిస్టారికల్ సొసైటీ లైబ్రరీ ఉంది. డౌన్‌టౌన్‌లో 1912 నాటి సెంట్రల్ లైబ్రరీ కూడా ఉంది. రెండుచోట్లా సిబ్బందిని అడగడానికి మొహమాటపడొద్దు. ఒక చిన్న విషయం: ఇప్పుడు బతికి ఉన్నవాళ్ల పేర్లు, అప్పుల వివరాలు దొరికినా బయట పెట్టకండి.

ఖాళీ ఇంట్లోకి వెళ్లి ఫొటోలు తీయొచ్చా?

వద్దు. వీధిలోంచి, ఆలీలోంచి కనపడేదాన్ని తీయడం చట్టబద్ధం, భవనం మీద కాపీరైట్ అడ్డు కూడా లేదు. గడప దాటితే ట్రెస్‌పాస్, వీసా మీద ఉన్నవాళ్లకు అది ఇంకా పెద్ద తలనొప్పి. పైగా కుళ్లిన నేల బేస్‌మెంట్‌లోకి దించేస్తుంది. సీసం రంగు, ఆస్బెస్టాస్ దుమ్ము సంగతి సరేసరి.

ఉత్తర సెయింట్ లూయిస్‌కి వెళ్లడం సేఫేనా?

ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు "డెల్మార్ దాటొద్దు" అంటారు. డెల్మార్ బులవార్డ్‌కి ఉత్తరాన ఎక్కువగా నల్లవాళ్లు, దక్షిణాన ఎక్కువగా తెల్లవాళ్లు ఉన్న మాట వాస్తవం. నేరాలు కూడా ఉన్నాయి, లేవని నేను చెప్పను. పొద్దున పూట ఇద్దరుగా వెళ్లండి, నడిచి వెళ్లండి, కారులోంచి దొంగచాటుగా తీయకండి. వరండాలో కూర్చున్నవాళ్లను ముందే పలకరించి ఏం చేస్తున్నారో చెప్పండి. "మా మేనత్త అదిగో ఆ ఇంట్లో ఉండేది" అని వాళ్లే మొదలుపెడతారు, అప్పుడు కెమెరా పక్కన పెట్టి రాసుకోవాలి.

వెళ్లాల్సిన పేట ఒక్కటే చెప్పమంటే ది విల్ అంటాను. మిసిసిపీ నదికి పడమరన నల్లజాతి పిల్లల కోసం పెట్టిన మొదటి హైస్కూల్ సమ్నర్ అక్కడే ఉంది. 1937లో తెరిచిన హోమర్ జి. ఫిలిప్స్ ఆసుపత్రి ఎందరో నల్లజాతి డాక్టర్లకు శిక్షణ ఇచ్చింది, 1979లో జనం నిరసనల మధ్యే మూసేశారు. దగ్గర్లో విట్టియర్ వీధిలో రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ 1950లలో ఉన్న చిన్న ఇటుక ఇల్లు నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక స్థలాల ఫెడరల్ జాబితాలో ఉంది.

నేషనల్ రిజిస్టర్‌లో ఉంటే ఇక కూల్చరు కదా?

చాలామందికి ఉన్న అపోహ. సొంత డబ్బుతో ఓనర్ కూల్చుకుంటానంటే ఆ జాబితా ఒక్కటే ఆపలేదు. ఆపగలిగేది స్థానిక చట్టం: సిటీ గుర్తించిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే, లేదా కూల్చివేతకు ముందు ప్రిజర్వేషన్ బోర్డు చూడాల్సిన ప్రాంతమైతే. ఈ రక్షణ ఊరంతటికీ ఒకేలా లేదు.

రిజిస్టర్ వల్ల వచ్చేది డబ్బు. ఆదాయం తెచ్చే భవనాన్ని పద్ధతిగా బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు), పైన 1998 నుంచి మిస్సోరీ ఇచ్చే 25 శాతం. ఈ ఊరి దక్షిణ, మధ్య భాగాల్లో కొత్త కళ వచ్చిన చాలా భవనాల వెనక ఈ లెక్క ఉంది. అప్పు పుట్టని వీధిలో మాత్రం క్రెడిట్ ఉన్నా ముందు పెట్టుబడి పెట్టేవాడు దొరకడు, అదే చిక్కు.

ఈ ఖాళీ ఇళ్లు ఎవరివి? మేం కొనొచ్చా?

చాలావరకు ల్యాండ్ రీయుటిలైజేషన్ అథారిటీవి, అందరూ ఎల్ఆర్ఏ అంటారు. పన్ను కట్టని ఆస్తిని షెరీఫ్ వేలం వేస్తాడు, ఎవరూ కొననిది ఎల్ఆర్ఏకి చేరుతుంది. 1971 నాటి చట్టంతో వచ్చిన ఇది అమెరికాలోనే మొదటి ల్యాండ్ బ్యాంకు. మిగతావి ఎక్కడో ఉండే ఓనర్లవి, ఎల్ఎల్‌సీ కంపెనీలవి. కొనొచ్చు, ధర చూస్తే ఆశ కూడా పుడుతుంది. పైకప్పు, వెనక గోడ, సీవర్ లైన్ లెక్క వేసుకున్నాక మాట్లాడుకుందాం. బాగుచేసే ఉద్దేశం లేకుండా "పడుంటుంది, రేటు పెరుగుతుంది" అని కొనేవాళ్ల వల్లే ఈ పేటలు సగం పాడయ్యాయి, దయచేసి ఆ జాబితాలో చేరకండి.

పూర్తిగా కోలుకున్న పేట ఒక్కటీ లేదా?

ఉన్నాయి. లఫయెట్ స్క్వేర్‌ను 1896 మే 27 టోర్నడో తుడిచిపెట్టింది, తర్వాత అది గదుల వారీ అద్దె కొంపలుగా దిగజారింది. 1960ల చివర్లో కొందరు కొనుక్కుని బాగుచేసుకోవడం మొదలుపెట్టారు, 1972లో సిటీ దాన్ని హిస్టారిక్ డిస్ట్రిక్ట్ చేసింది. ఇప్పుడు అక్కడ ఇల్లు కొనడం చెస్టర్‌ఫీల్డ్‌లో కొన్నంత పని. సూలార్డ్ అనే పేట కూడా అంతే. ఆ ఇళ్లు, ఉత్తరాన కూలుతున్న ఇళ్లు ఒకే మట్టితో, ఒకే రకం మేస్త్రీల చేతుల్లో లేచినవని గుర్తుంచుకుని రెండూ ఒకే రోజు చూడండి.

2025 టోర్నడో తర్వాత ఇంకా ఏమైనా మిగిలిందా?

మే 16న వచ్చిన ఈఎఫ్3 తీవ్రత టోర్నడో ఫౌంటెన్ పార్క్, గ్రేటర్ విల్, ఒఫాలన్ మీదుగా పోయింది. సిటీలో నలుగురు చనిపోయారు, వేలాది కట్టడాలు దెబ్బతిన్నాయి. పైకప్పు లేచిపోయినా నిలబడ్డ గోడలు చాలా ఉన్నాయి, ఇన్సూరెన్స్ లేని కుటుంబాలూ చాలా ఉన్నాయి. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లు మొదట చేయాల్సింది ఆ దారిలో మిగిలినవి నమోదు చేయడం. ఇంటివాళ్లు అడిగితే ముందు తీసిన ఫొటోలు వెంటనే ఇవ్వండి. ఇల్లు అంతకు ముందు ఎలా ఉందో చూపించడానికి అవి వాళ్లకు పనికొస్తాయి.

తీసిన ఫొటోలు ఎక్కడ దాచాలి?

ఇన్‌స్టాగ్రామ్ దాచే చోటు కాదు. ఫైలు పేరులోనే వీధి, ఇంటి నంబరు, తేదీ ఉండాలి, లేకపోతే ఐదేళ్ల తర్వాత అది ఏ ఇల్లో మీకే తెలియదు. అసలు సైజు ఫైళ్లు రెండు చోట్ల పెట్టుకోండి. తర్వాత వికీమీడియా కామన్స్‌లో ఎవరైనా వాడుకునే లైసెన్సుతో ఎక్కించండి, స్థానిక లైబ్రరీ తీసుకుంటానంటే అక్కడా ఒక కాపీ ఇవ్వండి. ఫొటో కింద రెండు వాక్యాలైనా రాయండి: ఏ వైపు నుంచి తీశారు, ఆ రోజు ఇంట్లో జనం ఉన్నారా లేదా. గూగుల్ స్ట్రీట్ వ్యూలో పాత ఏళ్ల దృశ్యాలు కూడా చూసే వీలుంది. ఇక్కడ 2007 దాకా వెనక్కి వెళ్లొచ్చు కాబట్టి, మీ ఫొటోకి ముందటి స్థితి ఏమిటో అక్కడ చూసి తేదీతో సహా నోట్ చేసుకోండి.